చోర్ స్విచ్

"మామా... గట్టిగ పట్టుకో!"

ఊర్మిళ యాక్సిలరేటర్ మీద కాలు తొక్కిపెడుతుంది.

జీపు ముందుకు దూకుతుంది. వెనక ట్రాలీ మీదున్న బోటు ధడేల్‌మని ఎగిరి పడుతుంది.

కార్ఖానా మెయిన్ రోడ్డు. కుండపోత వాన. ఇప్పుడిప్పుడే చీకటి పడింది. ఎదురుగా ఒక ఎర్ర టెయిల్ లైటు కార్ల సందుల్లోంచి మెలికలు తిరుగుతూ పోతోంది.

సత్యదేవ్ బండి!

వాడి చొక్కా లోపల ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో బొటనవేలంత స్విచ్.

ఆమె మొగుణ్ణి చంపిన స్విచ్!

దాన్ని వాడు ఏ మోరీలోనో విసిరేశాడంటే ఇక అంతే. సాక్ష్యం లేదు. కేసు లేదు. హరికిషన్ చావు మళ్ళీ "ప్రమాదం" అయిపోతుంది.

"ఎటు పోయిండు మామా?"

పక్క సీట్లో సదాశివ. హరికిషన్ తండ్రి. వాన నీళ్ళతో కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోవాలని కూడా తోచడం లేదు ఆయనకు.

"తిరుమలగిరి దిక్కు... బిడ్డా, జెర నిమ్మలంగ పోరాదు..."

"నిమ్మలంగనా? రెండేండ్లు నిమ్మలంగనే ఉన్న!"

ముసలాయన సీటు అంచు గట్టిగా పట్టుకుంటాడు.

వెనక సీట్లోంచి తారిఖ్ తల ముందుకు పెడతాడు. బోటు ఇంజిన్ల మెకానిక్. హరికిషన్ దోస్తు. "అక్కా, ట్రాలీ బోల్టు లూజున్నది! స్పీడ్ బ్రేకర్ల మీద చూసుకోని పో!"

ఎక్కడ చూసుకోను? వానలో స్పీడ్ బ్రేకరేది, గుంత ఏది?

ధన్!

గుంతే.

జీపు ఒక్కసారి ఎగిరి... టప్‌మని ఆగిపోతుంది! లైట్లు ఉన్నాయి. వైపర్ ఆడుతోంది. ఇంజిన్ మాత్రం చచ్చింది.

వెనక హారన్ల మోత. ఎర్ర లైటు దూరమవుతోంది.

ఊర్మిళ చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పోతుంది. చూడనక్కర్లేదు, వేలికి దారి తెలుసు. అక్కడొక చిన్న స్విచ్. కుదుపుకి పడిపోయింది. పైకి నెడుతుంది. కీ తిప్పుతుంది. ఇంజిన్ గుర్రుమంటుంది.

చోర్ స్విచ్!

ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియని చోట పెడతారు. దొంగ దగ్గర తాళం ఉన్నా సరే, బండి కదలదు. ఈ కార్ఖానా ఏరియాలో ఏ పాత బండి సీటు కింద చెయ్యి పెట్టినా ఒకటి దొరుకుతుంది. అందులో వింతేం లేదు.

కానీ బోటుకా?

బోటును ఆపడానికి ఒక స్విచ్ ముందే ఉంటుంది. ఇంజిన్ మీద, అందరికీ కనబడేలా. దానికొక ఎర్ర తాడు. నడిపేవాడు తాడును మణికట్టుకు కట్టుకుంటాడు. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడుతుంది, ఇంజిన్ ఆగుతుంది. మనిషిని కాపాడే స్విచ్ అది.

దానికి దొంగచాటుగా ఇంకో వైరు అతికించి, కనబడని చోట రెండో స్విచ్ పెట్టారంటే... దాన్నేమంటారు?

ఊర్మిళ ఒకటే మాట అంటుంది. హత్య.

తిరుమలగిరి సిగ్నల్. ట్రాఫిక్ మధ్యలో ట్రాలీ మీద బోటును చూసి బస్టాపులో జనం నవ్వుతున్నారు. ఒకడు ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టాడు.

నవ్వండి బాబూ. ఈ వాన రాత్రంతా ఇలాగే కొట్టిందంటే మీ గల్లీలోకి రమ్మని ఈ బోటుకే ఫోన్ చేస్తారు.

రెండేళ్ళ కింద అందరూ చేసింది అదే. కాలనీలు మునిగాయి. హరికిషన్, అతన్ని అన్నా అని పిలిచే పార్ట్‌నర్ సత్యదేవ్, ఇద్దరూ కలిసి కొన్న బోటు ఇది. చెరువులో ఆదివారాలు జనాన్ని తిప్పడానికి కొన్నారు. వాన రాగానే ముసలివాళ్ళను, పిల్లలను, గ్యాస్ సిలిండర్లను, కుక్కపిల్లలను మోసుకొచ్చింది. పైసా అడగలేదు హరికిషన్. అడగమని ఊర్మిళ కూడా అనలేదు.

రెండో రోజు పొద్దున చెరువు మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది.

చెరువు నిండితే నీళ్ళు బయటికి దూకే అలుగు పొంగిపొర్లుతోంది. బోటు అటే కొట్టుకుపోయింది. సత్యదేవ్ లైఫ్ జాకెట్ వేసుకుని దూకాడు, బతికాడు. హరికిషన్ దూకలేదు. స్టార్టర్ తాడు లాగుతూనే ఉన్నాడు. అలుగు దాటి కింద పడేదాకా లాగుతూనే ఉన్నాడు.

శవం దొరికినప్పుడు రెండు అరచేతులూ ఒలిచుకుపోయి ఉన్నాయి. ఆ చేతులను ఊర్మిళే తుడిచింది. మొహం కన్నా ఆ చేతులే ఆమెకు ఎక్కువ గుర్తు. ఇంజిన్ దానంతటదే ఆగిందంటే ఆమె ఏనాడూ నమ్మలేదు.

బోటు తుమ్మ చెట్లలో ఇరుక్కుని దొరికింది. షెడ్డులో పడేశారు. ఈ వానాకాలం ముందు ఊర్మిళే దాని మీద కప్పిన పట్టా తీసింది. మళ్ళీ నీళ్ళలోకి దించుతానంది. చుట్టాలు పిచ్చి పట్టిందన్నారు. అననీ.

పొగ కక్కే పాత ఇంజిన్ పీకి పారేసి, కాకినాడ నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెప్పించింది. వైరింగు మొత్తం కొత్తది. తారిఖ్, ఆమె కలిసి చేశారు. అది అయ్యాక మిగిలిన పాత వైర్లు తెంపితే లోపల రాగి పచ్చటి చిలుము పట్టిపోయి ఉంది. ఆ చిలుము వెంట వేలు పెట్టి పోతూ ఉంటే... ఈ మధ్యాహ్నం... నల్ల వైర్లలో ఒకటి ఎక్కువ తేలింది! దాని కొస పట్టుకుని పోతే ఈ స్విచ్!

దొరికిన చోటు ఎవరికీ చెప్పొద్దని తారిఖ్ చేత ఒట్టు వేయించుకుంది. పోలీసుల ముందు ఆ చోటు సత్యదేవ్ నోటితోనే రావాలి. మామకు కూడా చెప్పలేదు. "బోటుల ఒక స్విచ్ దొరికింది" అంది, అంతే. ఆయన ఏమీ అడగలేదు. షెడ్డు బయట స్టూల్ మీద అలాగే కూర్చున్నాడు. కొడుకు పోయాక ఆ బోటును ఆయన ముట్టుకోలేదు, కనీసం దగ్గరికి పోలేదు.

సాయంత్రం సత్యదేవ్‌ను పిలిచింది. కవర్లో వేసిన స్విచ్‌ను టేబుల్ మీద పెట్టి, మాట్లాడకుండా కవరు మీంచే వేలితో నొక్కింది.

టక్!

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కవరును ఒక్క గుంజు గుంజుకుని... పరుగు!

తప్పు చేయనివాడు ఎందుకు ఉరుకుతాడు?

"అక్కా, రైట్! నేరేడ్‌మెట్ దిక్కు తిప్పిండు!"

స్టీరింగ్ గిర్రున తిరుగుతుంది. ట్రాలీ జారుతుంది. బోటు వెనక భాగం ఒక ఆటోకు వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. ఆటోవాడు తల బయటపెట్టి ఆమె ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకుంటాడు.

"వాడు చెరువు కాడికే పోతుండు" అంటాడు సదాశివ. 

"ఎందుకు?"

"వాని కొత్త బోటు ఆడనే ఉన్నది కద."

అదా సంగతి! రోడ్లన్నీ మునిగాయి. బోటు ఎక్కి అవతలి గట్టు దాటాడంటే ఇంకెక్కడ దొరుకుతాడు?

ఊర్మిళ పళ్ళు కొరుకుతుంది. "దొరుకుతడు. నాకూ బోటున్నది!"

చెరువు కట్ట. సత్యదేవ్ బండి అడ్డంగా పడి ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది. చీకట్లో నీళ్ళ మీద ఇంజిన్ చప్పుడు... పోతోంది... పోతోంది!

"తారిఖ్! దించు!"

జీపు రివర్స్‌లో నీళ్ళలోకి. ట్రాలీ చక్రాలు మునుగుతాయి. తారిఖ్ నడుము లోతు నీళ్ళలో నిలబడి పట్టీలు విప్పుతాడు.

"అడుగుల బిరడా పెట్టినవా అక్కా?"

"పెట్టిన!"

"ఇంజిన్ ఇంకా నీళ్ళల్ల ట్రై చెయ్యలే! ఫుల్ కొట్టకు, నీకు దండం పెడ్త!"

బోటు తేలుతుంది. ఊర్మిళ ఎక్కి వెనక ఇంజిన్ దగ్గర కూర్చుంటుంది. ఎర్ర తాడు మణికట్టుకు తగిలించుకుంటుంది. కీ తిప్పుతుంది.

బోటు ఒక పక్కకు ఒరుగుతుంది. ఎవరో ఎక్కారు!

సదాశివ!

"మామా! దిగు!"

"నేను సుత వస్త."

"దిగు మామా, నీకు ఈత రాదు!"

"ఎవనికి కావాలె ఈత?" ముసలాయన మధ్య బల్ల మీద కూర్చుని రెండు చేతులా అంచులు పట్టుకుంటాడు. "పోనీ బిడ్డా. నువ్వు ఒక్కదానివే పోవుడు వద్దు."

రెండేళ్ళలో ఆయన ఈ బోటును తాకడం ఇదే మొదలు. ఆ మాట ఊర్మిళకు తడుతుంది. ఆలోచించే తీరిక లేదు.

హ్యాండిల్ తిప్పుతుంది. కొత్త ఇంజిన్ ఒక్కసారి గొంతెత్తుతుంది. బోటు ముక్కు పైకి లేస్తుంది. వాన సూదుల్లా మొహం మీద గుచ్చుతోంది.

ఎదురుగా సత్యదేవ్ బోటు లైటు.

దగ్గరవుతోంది... ఇంకా దగ్గరవుతోంది...

అదేంటి?

వాడు అవతలి గట్టుకు పోవడం లేదు!

ఎడమకు తిప్పాడు. ఎడమన గట్టు లేదు. అటు ఉన్నది ఒకటే.

అలుగు!

ఇంజిన్ మోతలోంచి కూడా దాని హోరు వినబడుతోంది. చెరువంతా అటే జారుతోంది. నీళ్ళ మీద గుర్రపు డెక్క గుంపులు గుంపులుగా అటే పోతున్నాయి.

"సత్యదేవ్!"

వాడి ఇంజిన్ ఆగుతుంది. వాడే ఆపాడు. బోటులో లేచి నిలబడ్డాడు. ఊర్మిళ తన బోటుకు కొత్తగా బిగించిన లైటు వాడి మీద పడుతుంది. చేతిలో కవరు. ఒంటి మీద జాకెట్ లేదు.

చెయ్యి ఎత్తుతాడు. కవరును దూరంగా విసిరేస్తాడు.

"ఆఁ!"

పోయింది! స్విచ్ పోయింది! రెండేళ్ళ తర్వాత ఈ రోజే చేతికొచ్చిన ఒకే ఒక్క ఆధారం... డెక్కలో ఎక్కడో బుడుంగుమంది.

"నేనే చంపిన వదినా!" వాడు అరుస్తున్నాడు. "అన్నను నేనే చంపిన!"

విన్నది. తన చెవులతో విన్నది!

ఊర్మిళకు ఇక వాన వినబడదు. అలుగు వినబడదు. హ్యాండిల్ చివరిదాకా తిప్పేస్తుంది.

ఫుల్!

బోటు బాణంలా వాడి మీదికి. గుద్దితే వాడి బోటు రెండు ముక్కలు. వాడు అలుగులోకి. హరికిషన్ పోయిన దారినే! సాక్ష్యం ఎవరికి కావాలి? కోర్టు ఎవరికి కావాలి?

"బిడ్డా! ఆపు!"

ఆపదు.

"ఊర్మిళా! వాడు కాదు! ఆపు, నీ కాళ్ళు మొక్కుత!"

ఆపదు!

సదాశివ వంగుతాడు. ఆయన కుడి చెయ్యి తను కూర్చున్న బల్ల కిందికి పోతుంది. తడుముకోవడం లేదు. వెతకడం లేదు. తిన్నగా, లోపలి మూలకు, చెక్క ఫైబర్‌ను కలిసే చోటికి... వేలికి దారి తెలిసినట్టు!

అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. స్విచ్ ఊడబీకిన రంధ్రం ఉంది, అంతే.

ఆయన వేలు ఆ రంధ్రంలో తిరుగుతోంది. పిచ్చిగా తిరుగుతోంది.

ఊర్మిళ చూస్తుంది.



ఆమె చెయ్యి దానంతటదే కదులుతుంది. ఎర్ర తాడును ఒక్క గుంజు!

ఇంజిన్ చప్పున ఆగిపోతుంది.

బోటు జోరు తగ్గి, సత్యదేవ్ బోటుకు బారెడు దూరంలో పక్కకు తిరుగుతుంది. వాన. అలుగు హోరు. ఇంకేమీ లేదు.

"మామా..." ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఆ చోటు నేను నీకు చెప్పలే."

సదాశివ చెయ్యి ఇంకా బల్ల కిందే ఉంది.

"ఎవ్వరికీ చెప్పలే మామా!"

ముసలాయన తల పైకెత్తడు.

"నేనే పెట్టిన బిడ్డా."



"ఆ వానలల్ల చెరువు కాడ ఇంజిన్లు ఎత్తుకపోతుండిరి. పక్కోని బోటుకు ఇంజినే లేకుంట చేసిండ్రు. నా కొడుకు ఇష్టపడి కొనుక్కున్నడు... పోతే ఎట్ల? బండ్లకు పెడ్తం కద, గట్లనే అనుకున్న. వాడు పండుకున్నంక పోయి నేనే వైరు గుంజి పెట్టిన. పొద్దుగాల లేవంగనే చెప్దామనుకున్న." ఆయన ఊపిరి ఎగబీలుస్తాడు. "నేను లేచేవరకే పోయిండు. ఎవలో మునుగుతుండ్రని ఫోనొస్తే ఉరికిండట. ఫోన్ చేసిన. మల్ల చేసిన. ఎత్తలే."

ఆ ఫోను!

ఊర్మిళకు గుర్తుంది. వంటింటి గట్టు మీద చార్జింగ్‌లోనే మరిచిపోయి వెళ్ళాడు. మోగుతూనే ఉంది. స్క్రీన్ మీద "నాన్న". గేటు బయటే ఉన్న మామ ఇన్నిసార్లు ఎందుకు చేస్తున్నాడో అనుకుంది. పాలు పొంగుతున్నాయని స్టవ్ వైపు తిరిగింది.

"చెరువు కాడికి ఉరికిన. కట్ట మీదికెళ్ళి ఒర్రిన బిడ్డా... సీటు కింద చూడుర అని ఒర్రిన. గాలికి వానికి ఇనబడలే. లాగుతనే ఉన్నడు... నేను చూస్తనే ఉన్న..."

ఆయన రంధ్రంలోంచి చెయ్యి తీసుకుని, ఆ చేతినే చూసుకుంటున్నాడు.

సత్యదేవ్ తన బోటులో కూలబడ్డాడు.

"బాపూ..." వాడి గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "మీరు పెట్టింది నాకు తెల్వదు. నేను జాకెట్ కోసం సీటు కింద చెయ్యి పెట్టి గుంజిన. చేతికి ఏందో తగిలింది. టక్‌మన్నది. ఇంజిన్ బందయింది. అదేందో అప్పుడు సమజ్ కాలే. ఎవరికి చెప్పినా నవ్వుతరనుకున్న. భయమైంది, దునికిన. ఇయ్యాల వదిన టేబుల్ మీద ఒత్తంగనే... అదే సప్పుడు! రెండేండ్ల సంది నా చెవులల్ల ఉన్న సప్పుడు అదే!"

ఊర్మిళ ఇద్దరినీ చూస్తుంది.

ఒకరు దొంగల భయంతో పెట్టారు. ఒకడు చావు భయంతో చెయ్యి తగిలించాడు. హంతకుడు లేడు. రెండేళ్ళుగా ఎవరి మొహాన్ని ఊహించుకుని ప్రతి రాత్రీ పళ్ళు కొరికిందో, ఆ మొహమే లేదు!

ఉంటే ఎంత బాగుండేది. చంపేసి చల్లబడేది. ఇప్పుడు ఈ మంటను ఎక్కడ పెట్టుకోవాలి? ఎవరిని తిట్టాలి? కొడుకు వస్తువు పోకూడదనుకున్న తండ్రినా?

సత్యదేవ్ బోటు గిర్రున తిరుగుతుంది. హోరు పెరిగింది. నీళ్ళు అంచు దాటి తెల్లగా విరిగిపడే చోటు లైటు వెలుగులో కనబడుతోంది. వాడి బోటు ముందు. వీళ్ళది వెనక.

"నువ్వు పో వదినా. నన్ను ఇడిచిపెట్టు."

"నన్ను సుత ఇడిచిపెట్టు బిడ్డా" అంటాడు సదాశివ మెల్లగా. అంచు మీద ఆయన పట్టు వదులవుతోంది.

"మామా!"

ఆ అరుపుకు ముసలాయన ఉలిక్కిపడతాడు.

"కాళ్ళ కాడ మన బోటుకు కట్టిన తాడున్నది. వానికి ఇసురు."

"బిడ్డా..."

"ఏడుపు ఒడ్డుకు పోయినంక. ముగ్గురం కూసోని ఏడ్వచ్చు. తాడు ఇసురు!" సత్యదేవ్ వైపు తిరుగుతుంది. "రేయ్! పట్టుకో! మీ అన్న ఈ బోటు మనుషులను ముంచనీకి కొనలే. పట్టుకో అంటున్న!"

తాడు గాల్లోకి లేస్తుంది. నీళ్ళలో పడుతుంది. సదాశివ గుంజుకుని మళ్ళీ విసురుతాడు. ఈసారి సత్యదేవ్ చేతికి తగులుతుంది. వాడు దాన్ని చూస్తాడు. వదినను చూస్తాడు. తన బోటు ముక్కుకు చుట్టి ముడి వేస్తాడు.

అలుగు ఇంకెంతో దూరం లేదు. తుంపరలు మొహం మీద పడుతున్నాయి.

ఊర్మిళ ఎర్ర తాడు క్లిప్పును ఇంజిన్‌కు తగిలిస్తుంది. వేళ్ళు తడిసి ఉన్నాయి. క్లిప్పు జారుతుంది. మళ్ళీ.

క్లిక్.

కీ మీద చెయ్యి. కళ్ళు మూసుకుంటుంది.

తిప్పుతుంది.

ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంటుంది!

బోటు వణికి, నిలదొక్కుకుని, ప్రవాహానికి ఎదురు తిరుగుతుంది. తాడు బిగుసుకుంటుంది. వెనక సత్యదేవ్ బోటు కదులుతుంది.

ఇంతేనా?

ఇంతే. చేతులు ఒలిచేదాకా తాడు లాగిన మనిషికి ఆ రోజు కావాల్సింది ఇంతే. బల్ల కింద ఒక్క వేలు.

ఊర్మిళ హ్యాండిల్‌ను గుండెకు ఆనించుకుని బిగ్గరగా ఏడుస్తుంది. ఒడ్డు దాకా ఆగమని ఇప్పుడే అందరికీ చెప్పిన మనిషి, చెరువు నడిమధ్యలో, దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడుస్తుంది.

ఇంజిన్ మాత్రం ఆగడం లేదు.